సర్వపిండి మీద అటామిక్ ఫోర్స్

మా ఇంట్ల నా భార్య దాచిపెట్టుకున్న ఒకే ఒక్క ముచ్చటను నేనే, నా ఖర్చుతోని, సైంటిఫిక్‌గా రుజువు చేసి నన్ను కన్న మా అవ్వ చేతిల పెట్టిన. ఎట్లనో చెప్త వినుండ్రి. చాయ్ చల్లారితే మళ్లా పెట్టిద్దాం.

తొంభైల మొదట్ల సంగతి ఇది. కరీంనగర్‌ల డిగ్రీ కాలేజిల ఫిజిక్స్ చెప్తున్న. పెండ్లయి ఆర్నెల్లు. హైదరాబాదుల లెక్చరర్లకు ఒక ట్రైనింగ్ పెట్టిండ్రు. వచ్చేటోళ్లంతా ఒక్కొక్క కొత్త పరికరం గురించి నేర్చుకొని, ఇంట్ల దొరికే సామాన్లతోని మోడల్ చేసి తేవాలన్నరు. ఎవరికి ఏ పరికరమో చిట్టీలు వేసి తీసిండ్రట. నా పేరు మీద వచ్చిన కవర్ల నాలుగు జిరాక్సు కాయితాలు, పైన 'అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్' అని ఉన్నది. నేను అప్పటిదాక ఆ పేరే వినలే. స్టాఫ్‌రూంల మాత్రం "ఓ, అదా" అన్న.

మూడు రాత్రులు ఆ నాలుగు కాయితాలే చదివిన. మైక్రోస్కోపు అంటే కటకం ఉంటది, కన్ను పెట్టి చూస్తం అనుకుంటం కదా. దీంట్ల కటకమే లేదు. చూసుడే లేదు, తడుముడే. సన్నటి రేకు ఒకటి, దాని కొసకు ఇంకా సన్నటి సూది. ఆ సూది వస్తువు మీదికెళ్లి పోతుంటే, సూది మొన మీది పరమాణువులకు, కింది పరమాణువులకు మధ్య గుంజుడు, నూకుడు ఉంటది. దాంతోని రేకు పైకీ కిందికీ వంగుతది. రేకు వీపు మీద లేజర్ వెలుగు కొడ్తరు. అది అద్దం మీద పడ్డట్టు తిరిగి పోయి ఎదురుగ చుక్కలాగ పడ్తది. రేకు జర్రంత వంగితే చుక్క బారెడు జరుగుతది. గీత పక్కన గీత, గీత పక్కన గీత పోతుంటే ఎత్తుపల్లాల పటం తయారైతది. గట్టిగ నొక్కితే వస్తువు గీరుకపోతది, తాకకుంటే ఏం తెల్వది. తాకీ తాకనట్టు పోవాలె. చివరి పేజీల ఒక హెచ్చరిక కూడా ఉన్నది. సూది మొన రెండుగ చీలిందనుకోండి, ఉన్నది ఒక్కటే అయినా పటంల ప్రతిదీ రెండేసి కనపడ్తదట. దాని కింద నేను ఎర్ర పెన్నుతోని గీత కొట్టిన. ఆ గీతే నా కొంప ముంచింది.

మోడల్ మస్తు కుదిరింది. మా బావ కాలు విరిగినప్పటి ఎక్స్‌రే ఫిలిం నుంచి సన్నగ ఒక పట్టీ కత్తిరించిన. దాని కొసకు బొంతలు కుట్టే సూది గుచ్చిన. పట్టీ వీపు మీద, లంబాడా ఆడోళ్లు రవికెలకు కుట్టుకునే చిన్న అద్దం బిళ్ల అంటించిన. అది ఉట్నూర్ అంగట్ల దొరికింది. లేజర్ ఏడికెళ్లి తేవాలె, అందుకే పొద్దున కిటికీలకెళ్లి పడే ఎండకు అట్టముక్క అడ్డం పెట్టి, దానికి బొక్క పొడిచిన. ఎండ అద్దం బిళ్ల మీద పడి, ఎదురుగోడకు అంటించిన గ్రాఫు కాయితం మీద చుక్కగ పడ్తది. కింద స్కేలు వెంబడి, వస్తువు పెట్టిన పలకను మెల్లగ గుంజుకుంట నేను, గోడ దగ్గర చుక్క ఏడ పడితే ఆడ పెన్సిల్ పెట్టుకుంట నా భార్య సరళ. సడక్ మీద లారీ పోతే చుక్క వణికేది. వణికినప్పుడల్లా నాకు ఖుషీ. నా మిషన్ అంత సెన్సిటివ్ మరి.

ఇగ శాంపిల్ కావాలె. గుంతలు గుంతలుగ, ఒక లెక్క ప్రకారం ఉన్న వస్తువు కావాలె. సరిగ్గ అప్పుడే సరళ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, మిరపకాయలు కలిపి గంజు గిన్నెల ఒత్తి, నూనె దిగేటందుకు ఏలుతోని గుంతలు పెడ్తరు కదా. పరమాణువుల వరుసకు అంతకంటె మంచి మోడల్ ఏముంటది? పైగా ఆమె చేసింది పలక లెక్క గట్టిగ అయింది. తినలేక దాని నడుమ చదునైన ముక్క కోసి సూది కింద పెట్టిన. చక్కటి పటం వచ్చింది. ఒక్కొక్క గుంత దేనికదే, సమానమైన దూరంల. ఆమె ఒక్క ఏలుతోని, నోటుబుక్కుల లైన్లు కొట్టినట్టు పెట్టింది. గ్రాఫు మీద 'సరళ' అని రాసి గోడకే ఉంచిన. ఆమె కూడా నవ్వింది పాపం, తినబుద్ధి కాకున్నా సైన్సుకు పనికొచ్చిందని.

అయితే సరళకు సర్వపిండి నవ్వులాట కాదు. ఆమెకు బి.ఇడి.ల సీటు వచ్చింది. సోమవారం లోపల జాయిన్ కావాలె, లేకుంటే సీటు ఇంకొకరికి పోతది. మా ఇంట్ల అవ్వ ఊ అంటేనే ఏదైనా. బాపును అడిగితే, మీ అవ్వను అడుగుమన్నడు. బోథ్ కాడి మా ఊరికెళ్లి బేస్తవారం అవ్వ బస్సు దిగింది. దిగుడు దిగుడే వంటింట్లకు పోయింది. కొత్త కోడలు ఇల్లు నేర్వకముందే కాలేజా అన్నది. నేను నచ్చజెప్పబోతే నన్ను బయటకు పొమ్మన్నది. చివరికి షరతు పెట్టింది.

"నా నోటికి ఎక్కిన సర్వపిండి ఒక్కటి చేసి పెట్టు పిల్లా. తెల్లారే పో, నేనే బస్సు ఎక్కిస్త."

సరళ మొకం చూస్తే నాకు జాలి అయింది. శుక్రవారం రెండు చేసింది. ఒకటి మాడింది, ఒకటి గంజు ఇడిసిపెట్టలే. శనివారం పొద్దుగూకంగ అవ్వ గుడికి పోయి వచ్చేసరికి మాత్రం పళ్లెంల బంగారం అసొంటి సర్వపిండి. అంచులు కరకర, నడుమ మెత్తగ. అవ్వ సగం తిన్నది. ఇంకా అడిగింది. నేర్చుకున్నవ్ పిల్లా, సోమవారం పో అన్నది. సరళ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేను గర్వంగ చూసిన. గర్వపడుడు తప్ప నాకు ఇంకేం తెల్వదు ఆ రోజు.

ఆదివారం పొద్దున ఎండ మంచిగ పడ్తున్నది. పళ్లెంల ఒక ముక్క మిగిలింది. మిషన్ మళ్లీ ఒకసారి నడిపి చూద్దామని సూది కింద పెట్టిన. సరళ వంటింట్ల ఉంది, గోడ దగ్గర చుక్కలు పెట్టేటోళ్లు లేరు. అవ్వను పిలిచిన. ఆమె చేతికి పెన్సిల్ ఇచ్చి, చుక్క ఏడ పడితే ఆడ పెట్టు అన్న. నా జన్మల అవ్వ పెన్సిల్ పట్టంగ చూడలే. కానీ ఆమె పెట్టిన చుక్కలు మా స్టూడెంట్ల కంటె శుభ్రంగ ఉన్నయ్.

మూడు గీతలు అయ్యేసరికి పటం చూస్తే నాకు వింత అనిపించింది. గుంతలు జంటలు జంటలుగ వస్తున్నయ్. రెండు గుంతలు, జర ఖాళీ, మళ్లా రెండు. ఇదేందవ్వా రెండేసి వస్తున్నయ్ అని గట్టిగనే అన్న. వంటింట్ల గిన్నె చప్పుడు ఆగిపోయింది. సరళ కొంగుకు చేతులు తుడుచుకుంట దర్వాజ కాడికి వచ్చింది.

"మీ సూదే చీలినట్టున్నది. మొన్న మీరే చదివి చెప్పిండ్రు కదా, సూది చీలితే అన్నీ రెండు కనపడ్తయని," అన్నది.

ఎంత తెలివైన మాట! అంత మంచి అవకాశం ఆమె నా చేతిల పెట్టింది. ఔను, సూదే పాడైంది అంటే అయిపోయేది. కానీ నాకు పౌరుషం వచ్చింది. నా మిషన్‌ను అంటదా? కొత్త సూది తీసి, వెలుగుకు పట్టి, మొన చూపించి, మార్చిన. సరళ దగ్గింది. నేను నీళ్లు తాగమన్న. మళ్లీ గీతలు గుంజిన. అవ్వ మళ్లీ చుక్కలు పెట్టింది. మళ్లీ జంటలే. ముక్కను అడ్డంగ తిప్పి కూడా గుంజిన. సూదే చీలితే ఎటు తిప్పినా జంటలు సూది దిక్కుకే ఉండాలె. గుంతలే జంటలైతే ముక్కతోని పాటు తిరగాలె. తిరిగినయ్! సరళ ఇగ దగ్గుడు బంద్ చేసి గోడకు ఆనుకున్నది.

ఫైనలియర్ క్లాసుల నిలబడ్డట్టు నిలబడ్డ. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి, ఒక కర్ర పట్టుకొని అవ్వకు పాఠం చెప్పిన.

"చూడవ్వా. ఇది పోయిన వారం సరళ చేసింది. ఒక్క ఏలుతోని పెట్టిన గుంతలు. ఇది నిన్నటిది. రెండు ఏళ్లతోని పెట్టినయ్. సూది తప్పు కాదు, మార్చి చూసిన. అంటే ఈ రెండు సర్వపిండ్లు ఒక్క చెయ్యి చేసినవి కానే కావు!"

అని, చప్పట్ల కోసం ఆగినట్టు ఆగిన. ఆగిన తర్వాత నేను అన్న మాట నాకే వినబడ్డది.

అవ్వ పెన్సిల్ కింద పెట్టింది. సరళ దిక్కు చూసింది, గ్రాఫు దిక్కు చూసింది. నన్నయితే చూడనే లే. లేచి వెనుక వాకిట్లకు పోయింది. అటుపక్క ఇల్లు రజియాది, అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తం. ఆమె భర్త టైలర్. మూడు రోజుల్ల అవ్వకూ ఆపాకూ గోడ మీదికెళ్లి మస్తు దోస్తీ అయింది. అవ్వ ఏం కోపం లేకుండ, సర్వపిండిల గుంతలు ఎట్ల పెడ్తవ్ రజియా అని అడిగింది. ఆపా బట్టలు ఆరేస్తున్నది. ఏం తెల్వక, రెండు ఏళ్లు కలిపి గాలిల పొడిచి చూపించింది.

"గిట్ల పెడ్తనమ్మా. రెండు ఏళ్లయితే జల్ది అయితది."

నాకు ఎక్స్‌రే ఫిలిం, అద్దం బిళ్ల, రెండు సూదులు, రెండు వారాలు కావాల్సొచ్చినయ్. అవ్వకు ఒక్క ప్రశ్న సరిపోయింది.

లోపలికి వచ్చి అవ్వ పీట మీద కూసున్నది. నేను మధ్యల దూరి, మిషన్ ఇంకా టెస్టింగ్‌ల ఉన్నదవ్వా, నమ్మరాదు అన్న. నువ్వు నోరు మూసుకో అన్నది. సరళ ఏడ్వలే. ఎదురుగ వచ్చి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నాకు సర్వపిండి రాదు అత్తమ్మా. మస్తు సార్లు చేసిన, రాలే. రేపు పోకుంటే సీటు పోతదని భయమైంది. ఆపాను అడిగిన."

"రజియా ఊకెనే చేసిచ్చిందా?"

"ఆపా బిడ్డ లెక్కల్ల ఫెయిలైంది. నెల సంది నేను చెప్తున్న. మొన్న పాసైంది. గందుకు ఆపా, నీకేం కావాల్నో అడుగు అన్నది."

అవ్వ గ్రాఫు కాయితాన్ని చేతులతోని సాపు చేసుకుంట కూసున్నది.  సరళ సీటు పోతే ఆ పాపం ఎవరిది? ఎర్ర పెన్నుతోని గీత కొట్టిన నాదే కదా.

"అయితే నీకు పిల్లలకు చెప్పుడు వచ్చు," అన్నది అవ్వ.

"వచ్చు అత్తమ్మా."

"పిండి రాదు."

"రాదు."

"మరి వచ్చిన పనికి పో. రాని పని కాడ పొద్దంత ఏం చేస్తవ్?"

సరళ అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడుద్దును గాని, అవ్వ నా దిక్కు తిరిగింది. పెండ్లాం దాచుకున్న ముచ్చట సూదితోని గుచ్చి గుచ్చి బయటికి తీస్తవా, నీకు జీతం ఇచ్చేది గిందుకేనా అని అడిగింది. కోడలు కాలేజికి పోతది, నేను ఇంకా పది రోజులు ఉంట, నాకు సర్వపిండి ఎవరు చేస్తరు, నువ్వే చేస్తవ్ అన్నది. సూది అంత మంచిగ పట్టేటోనికి పిండి ఒత్తుడు ఎంత పని అని కూడా అన్నది.

సోమవారం అవ్వ అన్నట్టే సరళను బస్సు ఎక్కించింది. ఆ సాయంత్రం నుంచి నేను గంజు ముందట. ఒకటి పచ్చిగ ఉన్నది, ఒకటి బొగ్గయింది. నూనె ఎక్కువైంది, ఉప్పు మర్సిపోయిన. గుంతలు పెట్టబోతే ఒక ఏలు లోపలికి పోయి అడుగు తాకింది, ఇంకో ఏలు ఆనలేదు. సరళ కాలేజి నుంచి వచ్చి, తిని, రాయే నయం అనుకుంట నీళ్లు తాగేది. అవ్వ మాత్రం ప్రతిది మొత్తం తిన్నది, నన్ను చూసుకుంట, నములుకుంట.

ట్రైనింగ్ దగ్గర పడ్డది. శాంపిల్‌కు ఆపాను ఒక మంచి సర్వపిండి చేసియ్యమని అడుగబోయిన. అవ్వ ఒప్పుకోలే. తినేదాన్ని సూదులతోని పాడు చేసుడేంది, నీది పెట్టుకో, అది ఎట్లాగూ ఎవ్వరు ఇష్టంగ తినరు అన్నది. మాట నిజమే. నా సర్వపిండి ముక్కనే కాయితంల చుట్టుకొని హైదరాబాదు బస్సెక్కిన.

అక్కడ మోడల్ అందరికీ నచ్చింది. ఎండ పడ్డది, చుక్క ఆడింది, పటం వచ్చింది. మాకు క్లాసు చెప్పే పెద్దాయన కండ్లద్దాలు సవరించుకొని చాలాసేపు గ్రాఫు చూసిండు. ఇంత మొరటు సర్ఫేస్ తన సర్వీసుల చూడలేదన్నడు. ఒక్క ఎత్తు ఇంకో ఎత్తు లెక్క లేదు, ఒక్క గుంతకు ఇంకో గుంతకు పోలికే లేదు అన్నడు. నేను ఏ ఊరోడినో అడిగి తెలుసుకొని, అప్పుడు మొకం వెలిగిపోయి అడిగిండు.

"కరీంనగర్ అంటే గ్రానైట్ కదా. ఇది చెక్కని గ్రానైటేనా?"

ఔను సార్ అన్న. ఇంట్ల తిన్నోళ్లు కూడా అదే అన్నరు.