సుంకమ్మ పోయిన దగ్గర దారి

కోసిగి ఊరి సుంకమ్మ కరువొచ్చినప్పుడల్లా తుంగభద్ర కాలువ పనులకు పోయి మగవాళ్ళతో సమానంగా రాళ్ళు మోసిన మనిషి. తల్లి పోయాక తమ్ముడు ఓబులేసును తానే పెంచింది. వాడు పెద్దవాడై మిలిటరీలో చేరాడు.

1957 వానాకాలంలో ఢిల్లీ నుంచి తంతి వచ్చింది. లారీ బోల్తాపడి ఓబులేసు కాలు నలిగిపోయింది. తీసేయకపోతే ప్రాణానికే ముప్పు. అక్క వచ్చేదాకా కత్తి తాకనివ్వనని వాడు మొండికేశాడు. మిలిటరీ వాళ్ళే ఆమెకు హైదరాబాదులో విమానం ఏర్పాటు చేశారు. ఊళ్ళో ఉండే పాత హవల్దారు దేవేంద్రప్ప ఇదంతా చదివి చెప్పాడు.

"రైల్లో పోతే కాదాప్పా?" అంది సుంకమ్మ.

"రైలుదారి వెయ్యి మైళ్ళు దాటుతాదమ్మా. విమానం నేరుగా పోతాది, ఎనిమిది నూర్ల మైళ్ళు కూడా ఉండదు. పొద్దున ఎక్కితే మాపటికి ఆడుంటావు."

ఒకే ఊరు ఒక దారిన దూరం, ఇంకో దారిన దగ్గర ఎట్లా అవుతుందో ఆమెకు అంతుబట్టలేదు. ఆమెను హైదరాబాదు దాకా తీసుకుపోతూ రైల్లో దేవేంద్రప్ప విడమరిచి చెప్పాడు: పైన కొండలు చుట్టి పోనక్కర్లేదు, ఏర్లు దాటనక్కర్లేదు, నేలతోనే పనిలేదు. ఆ చివరి మాట విన్నాక ఆమె సద్దిమూట విప్పకుండానే పక్కన పెట్టేసింది.

బేగంపేట విమానాశ్రయంలో మెట్ల కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కింది. విమానం లేచింది. నాగపూరులో దిగి మళ్ళీ లేచాక మబ్బుల్లో చిక్కుకుంది. ఉన్నట్టుండి కిందికి జారింది. వెనకెవరో వాంతి చేసుకున్నారు. పక్క కుర్చీలోని సూటాయన కళ్ళు మూసుకొని దేవుణ్ణి తలుచుకోవడం చూసి, ఆమెకు ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. తాను ఇక్కడే పడి చస్తే వాడు అక్క కోసం చూస్తూనే ఉంటాడు, కాలు ముట్టనివ్వడు. చావుకంటే ఆ ఆలోచనకే ఆమె ఎక్కువ వణికింది.

మాపటికి ఢిల్లీ మిలిటరీ ఆస్పత్రికి చేరింది. తమ్ముడి మంచం దగ్గర కుళ్ళు వాసన కొట్టింది. గట్టిగా తిట్టి ఒప్పించాలని దారంతా అనుకున్నది, వాడి ముఖం చూడగానే తిట్టడం మాని తల నిమిరింది.

"బయమేస్తాందక్కా," అన్నాడు ఓబులేసు.

ఆమె తన చేతులు చూపించింది. అవింకా వణుకుతూనే ఉన్నాయి. "నాకూ శానా బయమేసిందిరా. బయపడతానే వచ్చినా. నువ్వూ బయపడతానే పో. నేను తలుపుకాడ ఉంటా."

వాడు ఆ చేతులు పట్టుకొని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత డాక్టరును పిలవమన్నాడు.

తలుపు బయట కూర్చున్న సుంకమ్మకు లోపల చిన్న చప్పుడైనా ప్రాణం పోయినంత పనయ్యేది. తెల్లారుతుండగా నర్సమ్మ వచ్చి, బతికాడని చేత్తో సైగ చేసింది. భాష తెలియకపోయినా ఆమెకు అది అర్థమైంది.

చంకకర్రలతో నడక అలవాటయ్యాక తమ్ముణ్ణి రైల్లోనే ఇంటికి తెచ్చుకుంది. వాడు ఊరి స్టేషను దగ్గర కుట్టుమిషను పెట్టుకొని, పెళ్ళి చేసుకొని, నిలదొక్కుకున్నాడు. సుంకమ్మ మాత్రం చేనులో ఉండగా ఆకాశంలో విమానం మోత వినబడితే, అది దాటిపోయేదాకా రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చునేది.