నోరీన్ కత్తిరించిన రెండు రోజులు

చాలిస్ ఊళ్ళో పుట్టి పెరిగిన నోరీన్‌కి మాంసం కొత్త కాదు. ఆమె తండ్రిది మాంసం కొట్టు. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, వేటగాళ్ళు కొండల మీంచి దింపుకొచ్చిన ఎల్క్ దుప్పుల తొడలూ జబ్బలూ ఆ కొట్టులో కొక్కేలకు వేలాడేవి. ఎల్క్ అంటే మామూలు దుప్పి కాదు. గుర్రమంత ఒళ్ళు, మనిషి చేతులు చాచినా అందనంత కొమ్ములు. ఎముక నుంచి మాంసం ఎలా విడదీయాలో ఆమె చిన్నప్పుడే నేర్చుకుంది. కాని కొట్టుకు వచ్చేసరికే అవి మాంసమైపోయి ఉండేవి. అంతకు ముందు సంగతి చూడవలసి వచ్చింది డెల్ హోల్వర్సన్‌ని పెళ్ళాడిన తర్వాతే.

డెల్ శీతకాలమంతా రోడ్ల మీద మంచు తీసే బండి నడిపేవాడు. సొంత భూమి అంటూ ఇంటి చుట్టూ ఉన్న ముక్క తప్ప మరేమీ లేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఆ కొండలన్నీ నావేగా, వాటికి కంచె కూడా వేయించక్కర్లేదు" అని నవ్వేవాడు. అన్నది అబద్ధమూ కాదు. అది సర్కారు అడవి. లైసెన్సున్నవాడెవడైనా విల్లు భుజాన వేసుకుని ఎక్కవచ్చు. వేటకని గుత్తకు తీసుకున్న పొలాల్లో బండి దిగకుండా వేటాడే పెద్దమనుషులంటే డెల్‌కి జాలి. తను మాత్రం నడవాలి, చెమట పట్టాలి, నాలుగు రోజులు తిరిగి ఖాళీ చేతులతో దిగినా దిగాలి.

అలా దిగి వచ్చి వంటింట్లో నిలబడి, జోడు కోసం దుప్పి ఎలా కూసిందో, గాలి ఎటు తిరిగిందో చేతులు తిప్పుతూ చెబుతుంటే నోరీన్‌కి సగమే అర్థమయ్యేది. ఆమె బడి వంటశాలలో పనిచేసేది. పిల్లల ఆటలు తీసే పాత కెమెరా ఒకటి బడివాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకుంది. ఆ సెప్టెంబరులో సెలవు పెట్టి మొగుడి వెనకే కొండెక్కింది. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు.

మొదటి వీడియో తయారుచేసి చూపించినప్పుడే ఇద్దరికీ పేచీ వచ్చింది. బాణం వదలడం ఉంది. ఆ వెంటనే డెల్ కొమ్ములు పట్టుకుని నవ్వడం ఉంది.

"మధ్యలోది ఏదే?" అన్నాడు డెల్.

"ఏ మధ్యలోది?"

"అది పడిపోవడం."

"దాన్నెవరు చూస్తారు? నాకే కడుపులో తిప్పింది."

"తిప్పాలి. నాకూ ప్రతిసారీ తిప్పుతుంది. తిప్పనివాడు అడవికి రాకూడదు. చూపిస్తే మొత్తం చూపించు నోరీ. లేదా అసలు చూపించకు. సగం చూపించావంటే, చావు సంగతి దాచి తిండి సంగతి చెప్పినట్టే."

నోరీన్ గొణుక్కుంటూనే తీసేసిన ముక్కలు మళ్ళీ అతికింది. అప్పట్నించీ వాళ్ళ వీడియోల్లో అన్నీ ఉండేవి. కాళ్ళు మడతపడటం, ముక్కులోంచి ఆవిరి ఆగి ఆగి రావడం, కంటిలో మెరుపు పోవడం, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని డెల్ టోపీ తీసేయడం. ఇంటర్నెట్‌లో పెడితే రెండువైపులా తిట్లే. వేటంటే గిట్టనివాళ్ళు హంతకులన్నారు. వేటాడేవాళ్ళేమో, ఇదంతా చూపించి మాకు చెడ్డపేరు తెస్తున్నారన్నారు. ఆ రెండోవాళ్ళలో డెల్ తమ్ముడు రాయిస్ కూడా ఉన్నాడు. అతనికి కంచరగాడిదలున్నాయి. అన్న వేట ఫలించినప్పుడల్లా మాంసం దింపిపెట్టేది అతనే.

"థాంక్స్‌గివింగ్ పండగ నాడు బల్ల మీద టర్కీ కోడిని పెట్టి, ఇదిగో దీని మెడ ఇలా కోశాను చూడండి అని చుట్టాలకు చూపిస్తావా అన్నా?" అనేవాడు రాయిస్.

"అడిగితే చూపిస్తాను."

"నిన్నెవడు అడిగాడు?"

"అడక్కుండా తింటున్నారనేగా నా బాధ."

"వదినా, నువ్వైనా చెప్పు వీడికి."

"నా మాట వినేవాడైతే ఆ గడ్డం ఎప్పుడో గీసేవాడయ్యా" అనేది నోరీన్. ముగ్గురూ నవ్వుకునేవారు.

ఒక వసంతంలో డెల్ చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. మొదట నవ్వులాటగా ఉన్నది నెల తిరిగేసరికి భయమైంది. బోయిసీ పట్నం ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయి, మందు లేదు, చేతులతో మొదలై నడక, మాట, చివరికి ఊపిరి. డెల్ అంతా విని ఒకటే అడిగాడు.

"సెప్టెంబరు దాకా చెయ్యి లేస్తుందా?"

డాక్టరు నోరీన్ వైపు చూశాడు. నోరీన్ కిటికీ వైపు చూసింది.

వేసవంతా ఆమె బతిమాలింది. "ఈ ఏడు విల్లు వద్దు డెల్. ఇద్దరం వెళ్దాం, కూర్చుందాం, కూతలు విందాం. నేను తీస్తాను."

"ఊరికే కూర్చోడానికి ముందుంది కదా కాలమంతా" అన్నాడతను.

విల్లు బిగువు సడలిస్తూ వచ్చాడు. చివరికి ఎంత సడలిందంటే, పెరట్లో ఒకరోజు నోరీన్ సరదాకి లాగితే వచ్చేసింది. ఆమె ఆ రోజు గడ్డి మోపులోకి నాలుగు బాణాలు కూడా వేసింది. డెల్ మెచ్చుకున్నాడు కాని మొహం చిన్నబోయింది. అంత మెత్తటి విల్లు నుంచి వెళ్ళే బాణానికి సత్తువ ఉండదని అతనికి తెలుసు. "బాగా దగ్గరికొస్తేనే వేస్తాను" అని మాటిచ్చాడు. తోడు వచ్చిన మనిషి గాయపడ్డ జంతువును చంపి ముగించవచ్చని జబ్బు చూపించి అనుమతి కూడా తీసుకున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు, "అంతదాకా రాదులే" అన్నాడు.

రాయిస్ గాడిదల మీద వాళ్ళను పైదాకా చేర్చి దిగిపోయాడు. రెండోరోజు పొద్దున్నే, పొగమంచు లేవకముందు, ఒక పోతుదుప్పి కూసింది. డెల్ చిన్న గొట్టం నోట పెట్టుకుని ఆడదుప్పిలా కూసి పిలిచాడు. అది వచ్చింది. కొమ్ములతో కొమ్మలు విరుచుకుంటూ, ఒళ్ళంతా బురద పూసుకుని, వాసన నోరీన్‌కి తగిలేంత దగ్గరికి వచ్చి నిలబడింది. డెల్ విల్లు లాగాడు. భుజం వణకడం కెమెరాలో కనబడింది. వద్దు అని నోరీన్ మనసులో అరిచింది. బాణం వెళ్ళింది. జబ్బ వెనక, గుండెలో తగలవలసింది కడుపులో దిగింది.

దుప్పి ఒక్కసారి వీపు ముడుచుకుని, నడుచుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది. పరుగెత్తనైనా లేదు.

"తప్పింది" అన్నాడు డెల్. "కడుపులో కొట్టాను."

"పద, వెంట వెళ్దాం."

"ఇప్పుడు వెంటపడితే భయంతో మైళ్ళు పోతుంది. కూర్చోవాలి. పడుకోనివ్వాలి." కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని తిడుతున్నట్టు చూశాడు. "కెమెరా ఆపకు నోరీ."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే."

మధ్యాహ్నం జాడ పట్టారు. ఆకు మీద ఒక చుక్క, రాతి మీద ఒక మరక. పాకుతున్నంత నెమ్మదిగా వెళ్ళారు. పొద్దుగూకింది, దొరకలేదు. తెల్లారి మళ్ళీ బయలుదేరితే నేలంతా మంచు పట్టి జాడ మాసిపోయింది. చివరికి పైన తిరుగుతున్న కాకులు చెప్పాయి. వాగు ఒడ్డున నాచులో దుప్పి పడుకుని ఉంది. తల ఎత్తే ఉంది. ఇద్దరినీ చూసింది, లేవబోయింది, వెనకకాళ్ళు రాలేదు.

డెల్ విల్లు ఎత్తాడు. సగం కూడా లాగలేకపోయాడు. మళ్ళీ ఎత్తాడు. మూడోసారికి విల్లు చేతిలోంచి జారి కిందపడింది. అతను మోకాళ్ళ మీద కూలబడి, "నోరీ" అన్నాడు.

ఆమె కెమెరాని పడిపోయిన మాను మీద పెట్టి విల్లు అందుకుంది. వెనక నుంచి డెల్ ఏదో చెబుతూనే ఉన్నాడు. అందులో ఒక్క ముక్కా ఆమెకు గుర్తులేదు. దుప్పి కన్ను గుర్తుంది. బాణం తగిలాక అది తల దించుకున్న తీరు గుర్తుంది, అలిసిపోయిన మనిషి తలగడ మీద వాలినట్టు.

గాడిదలతో వచ్చిన రాయిస్ రెండు గాయాలూ చూశాడు. కడుపు పక్క మాంసం పాడైందని వాసనే చెప్పింది. డెల్ దూరంగా రాతి మీద కూర్చుని ఉన్నాడు. రాయిస్ గొంతు తగ్గించాడు.

"ఇది ఎవరికీ చూపించొద్దు వదినా. చివరి వేట. వాడి పేరు ఇలాగా మిగలాలి?"

నోరీన్‌కి ఆ మాట తేనెలా అనిపించింది. తనూ అదే అనుకుంటోంది.

ఇంటికొచ్చాక, డెల్ మధ్యాహ్నాలు నిద్రపోతున్నప్పుడు ఆమె కూర్చుని కత్తిరించింది. బాణం వెళ్ళడం ఉంచింది. తర్వాతి క్షణంలో దుప్పి పడి ఉంది, మెడ మీద డెల్ చెయ్యి ఉంది. మధ్యలో రెండు రోజులూ పోయాయి. మాను మీద కెమెరా ఉన్న ముక్కనైతే చూడకుండానే తీసి పక్కన పడేసింది. ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎన్నడూ లేనంత మంది చూశారు. తిట్టినవాడు లేడు. జబ్బుమనిషి వేసిన చివరి బాణం అని ఎవరెవరో కన్నీళ్ళు పెట్టుకున్నారు.

డెల్ దాన్ని కుర్చీలో కూర్చుని చూశాడు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

"ఎవరు వాడు?" అన్నాడు.

"ఎవరేమిటి, నువ్వే."

"నేను కాదు. నేను దాన్ని... రెండు రోజులు ఏడిపించాను. నువ్వు దానికి ఆ బాధ కూడా మిగల్చలేదు."

"నీకోసమే చేశాను డెల్."

"నువ్వు చేసిన పని కూడా తీసేశావు. అక్కడ మంచిపని చేసింది నువ్వొక్కదానివే." ఊపిరి తీసుకున్నాడు. "మార్చు."

"మారుస్తాను" అంది.

మార్చలేదు. మార్చకూడదని కాదు. రేపు, ఎల్లుండి అనుకుంది. అంతలో నడక పోయింది, ఎత్తి మంచం మీద వెయ్యవలసి వచ్చింది. మెత్తగా చేసి తినిపించడం, తుడవడం, పక్క మార్చడం. వాటితోనే పొద్దు సరిపోయేది. మాట పూర్తిగా పోయాక డెల్ కళ్ళతో అడిగేవాడు. గది మూల కంప్యూటరు వైపు చూసేవాడు, ఆమె వైపు చూసేవాడు. "నీళ్ళు కావాలా?" అనేది నోరీన్. అతను కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళు కాదని ఆమెకు తెలుసు. అర్థమైందని ఒప్పుకుంటే ఆ రెండు రోజులూ మళ్ళీ చూడాలి. పోతున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆ చావు చూసే ధైర్యం ఆమెకు చిక్కలేదు. ఫిబ్రవరిలో, బయట మంచు తీసే బండి రోడ్డు మీద తిరుగుతుండగా, డెల్ ప్రాణం పోయింది.

డెల్‌ని తలుచుకోడానికి ఊరి హాల్లో చేరిన రోజున అందరూ తలో వంటకం తెచ్చారు. రాయిస్ తెర కట్టి ఆ వీడియో వేశాడు. దుప్పి పడి ఉన్న చోట హాలంతా చప్పట్లు కొట్టింది. "చచ్చేవాడి చెయ్యి కూడా గురి తప్పలేదురా!" అన్నాడు ఎవరో పెద్దాయన. నోరీన్ చేతిలో కంచం పట్టుకుని లేచి, వెనక వంటగదిలోకి పోయి, ఎవరూ అడగకుండానే గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

ఆ వారంలో ఆమె తీసి పడేసిన ముక్కలన్నీ ముందేసుకుంది. మాను మీద కెమెరా ఉన్న ముక్క మొదటిసారి చూసింది. అందులో దుప్పీ లేదు, విల్లూ లేదు. కెమెరా పక్కకు ఒరిగి గడ్డిని చూస్తోంది. డెల్ గొంతు మాత్రం ఉంది, జబ్బు ఇంకా ముట్టని గొంతు. "నాకేసి చూడకు నోరీ, దాన్ని చూడు. తొందరలేదు. మోచెయ్యి దించు. అదీ. ఊపిరి వదులు." నారి మోగింది. బరువైన నిట్టూర్పు ఒకటి వినబడింది. కాసేపటికి డెల్ అన్నాడు, "నన్ను క్షమించు." ఎవరితో అన్నాడో, దుప్పితోనో భార్యతోనో, ఎన్నిసార్లు విన్నా ఆమెకు తెలియలేదు. ఇక అడిగి తెలుసుకునే దారీ లేదు. బల్ల మీద తల పెట్టుకుని, భర్త పోయిన రోజున రాని ఏడుపంతా ఏడ్చింది.

రెండు రోజులనూ ఉన్నవి ఉన్నట్టు అతికి, పాతది తీసేసి ఇది పెట్టింది.

మర్నాడే రాయిస్ వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడ్డాడు.

"సంతోషమేనా వదినా? పోయినవాణ్ణి కూడా వదల్లేదు నువ్వు."

"మీ అన్న చెప్పిందే చేశాను రాయిస్."

"బతికుండగా చెప్పాడుగా. అప్పుడెందుకు చెయ్యలేదు?"

నోరీన్ లోపలికి రమ్మన్నట్టు తలుపు ఇంకాస్త తెరిచింది.

"అప్పుడు నీకు బాధ. ఇప్పుడు మాకు బాధ" అన్నాడు. అతని కళ్ళ నిండా నీళ్ళు. "మా అన్నని ఊరంతా జాలిగా చూస్తోంది. బాణం వెయ్యలేక మోకాళ్ళ మీద పడ్డవాడట. పెళ్ళాం చంపిపెట్టిందట. ఇదీ వాడి పేరు."

"డెల్ మోకాళ్ళ మీద పడ్డాడు రాయిస్. నేను పక్కనే ఉన్నాను."

"అది చూసింది నువ్వొక్కదానివే అయ్యుండాల్సింది" అని వెళ్ళిపోయాడు.

అతనన్నది తప్పని నోరీన్ ఇప్పటికీ అనుకోదు. తను చేసింది తప్పనీ అనుకోదు. చెయ్యవలసిన రోజున చెయ్యలేదని మాత్రం అనుకుంటుంది. డెల్ చూసుంటే తృప్తిపడేవాడేమో, పడేవాడు కాదేమో. చూడలేదు, అంతే. తిట్లూ మెచ్చుకోళ్ళూ వస్తూనే ఉన్నాయని బడిలో వంటవాళ్ళు చెబుతారు. ఆమె చదవదు. కొండెక్కడం మానేసింది.

రాయిస్ పోస్టాఫీసు దగ్గర ఎప్పుడైనా ఎదురవుతాడు. ఊరు చిన్నది, తప్పించుకునే వీల్లేదు. టోపీ అంచు తాకి తల ఊపుతాడు. నోరీన్ కూడా ఊపుతుంది. ఎవరి దారిన వాళ్ళు పోతారు.