కంబి మీది ఎర్ర గుడ్డలు

ఖాళీ పాల కవరు కడిగి, వంటింటి కిటికీ పక్కన వేలాడే కంబికి గుచ్చుతుంటే, ఈ ఉదయం మళ్లీ ఆ పచ్చిపాల వాసన వేళ్లకు అంటుకుంది. సబ్బు పెట్టి తోమినా పోలేదు. ఆ వాసన తగిలిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతుంటాను. "మళ్లా మండీ అక్క గుర్తొచ్చినారా?" అని మా ఆయన అడుగుతాడు. మరిచిపోతే కదా గుర్తు రావడానికి!

సరోజక్కది తమిళనాడు ధర్మపురిలో చింతపండు మండీ. డిగ్రీ అయ్యాక అక్కడ బిల్లులు రాసే పనికి చేరాను. రోజూ మొరప్పూర్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. మండీలో బిల్లులను కొక్కెంలా వంచిన ఇనుప కంబికి గుచ్చి గోడకు తగిలిస్తారు. ఒకరోజు అక్క కడత్తూరు దగ్గరున్న తన మెట్టచేను చూడడానికి వెళ్లి, నమిలిన కవరు ఒకటి చేతిలో పట్టుకుని తిరిగొచ్చింది. దాని మీద మా మండీ పేరే ఉంది. "దూడ నోట్లోంచి లాగినాను పాపా. మనం పారేసిందే మన చేనికి వచ్చింది," అన్నది. మరునాడు గోడకు ఇంకో రెండు కంబులు వేలాడాయి. ఒకటి తనకు, ఒకటి నాకు. ఇంట్లో పారేయబోయే ప్రతి కవరూ కడిగి తెచ్చి గుచ్చాలి. నెలాఖరున ఇద్దరం చూసుకున్నాకే చెత్త ఎత్తుకుపోయే కుప్పబండికి ఇవ్వాలి. "చింతపండు తూచేవాళ్లం. మన కుప్ప మనం తూచుకోలేమా?" అన్నది.

నెల తిరగకముందే షాంపూ పొట్లాలు, బిస్కెట్ కవర్లతో నా కంబి వంగిపోయింది. అక్క తిట్టేది కాదు. దాని ముందు ఊరికే నిలబడేది. తిట్టినా బాగుండేదనిపించేది. ఆమె మాత్రం పాలకు గిన్నె పట్టుకుపోయింది, ఆటో మానేసి నడిచింది, చివరికి నడి వేసవిలో మండీ ఫ్యాను కూడా ఆపేసింది. బిల్లుల మీద చెమట కారుతుంటే నాకు ఒళ్లు మండింది. "ఊరంతా పారేస్తా ఉంటే మన ఇద్దరి వల్ల ఏమవుతుందక్కా?" అన్నాను.

"ఊరి సంగతి నాకు తెలీదు. నేనెంతో నాకు తెలియాల గదా," అన్నది, ఫ్యాను మాత్రం వేసింది.

తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం డయాలిసిస్ తప్పదన్నారు. మొదటిసారి తోడుగా నేనే వెళ్లాను. అంతా అయ్యాక గొట్టాలు, సంచులు కట్టగట్టి పారేస్తుంటే అక్క లేచి కూర్చుని నర్సును అడిగింది: "అవి నాకిస్తారా? కడిగి కంబికి గుచ్చాల." నర్సు బిత్తరపోయింది. రక్తం తగిలినవి ఇవ్వకూడదు, కాల్చేస్తామని చెప్పింది.

మరుసటి వారం ఆమె ఆసుపత్రికి వెళ్లలేదు. ముఖం ఉబ్బిపోయి, ఆయాసపడుతూ మండీలో బస్తాల మీద కూర్చుని ఉంది.

"ఎందుకు పోలేదక్కా?"

"నా కంబి అబద్ధం చెప్తా ఉండాది పాపా. ఒక్క కవరూ లేదని మురిసిపోయినాను. అక్కడ నాకోసం పూటకి ఒక మూట పారేస్తా ఉండారు. ఆ మిషనుకు నీళ్లు ఎన్ని బిందెలు పోతాయో అడిగినావా?"

నాకు భయం, కోపం ఒక్కసారే వచ్చాయి. "కొలిచి కొలిచి చచ్చిపోతారా?" అని అరిచాను. ఆయుధపూజకు తక్కెడకు కట్టిన ఎర్రగుడ్డ కనిపించింది. దాంట్లోంచి ఒక పీలిక చింపి నా కంబికి గుచ్చాను. "మీ ఆసుపత్రి కుప్ప ఇదిగో, నా కంబి మీద ఉండాది. ఇంక మీది కాదు. లేయండి."

అక్క ఆ పీలికను వేలితో కదిపి చూసింది. "నీ కంబి ముందే వంగిపోయి ఉండాది గదా పాపా."

"వంగనీండి."

నా భుజం పట్టుకుని లేచింది.

అప్పటినుంచి ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ తనే ఒక పీలిక చింపి నా చేతికిచ్చేది. ఊరికే ఇస్తే సరోజక్క ఎందుకవుతుంది? "దీనికి బదులు నువ్వేం మానేస్తావు?" అని అడిగేది. అలా షాంపూ పొట్లాలు పోయాయి, పార్సిల్ భోజనాలు పోయాయి. మరో చింతపండు కాలం చూసి ఆమె వెళ్లిపోయింది. మండీ మూతపడింది. నా కంబి ఇంటికొచ్చింది.

పాలకు గిన్నె పట్టుకుపోవాలని రోజూ అనుకుంటాను. ఈ ఉదయమూ కవరే తెచ్చాను. అందుకే ఈ తిరుగుడు. నెలాఖరున కవర్లన్నీ లాగి కుప్పబండికి ఇచ్చేస్తాను. అడుగున ఉన్న ఎర్ర పీలికల జోలికి మాత్రం పోను. ఈ కంబి మీద ఏది చూసినా తగ్గించాలనే అనిపిస్తుంది. అవి మాత్రం ఇంకాసిని ఉంటే బాగుండేది.