సోమన్న కామెర్లు

2005లో నేను అరకులోయలోని ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వానలు మొదలైన రోజుల్లో సోమన్నను డోలీలో మోసుకొచ్చారు. కాఫీ తోట చేసుకునే కొండ రైతు, ఇంకా ముప్పై దాటలేదు. కళ్లు పసుపు పూసినట్టున్నాయి, పొట్ట నీటితో ఉబ్బింది, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. వెంట భార్య చిలకమ్మ, నిండు గర్భిణి.

సోమన్నకు హెపటైటిస్-బి ఉందని, లివర్ కొన్నేళ్లుగా గట్టిపడుతోందని మాకు ముందే తెలుసు. దాన్నే సిర్రోసిస్ అంటారు. ఆ వైరస్ ఉన్నట్టుండి విజృంభించడంతో, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తున్న లివర్ ఒక్కసారిగా చేతులెత్తేసింది. ఇలాంటప్పుడు ఎవరు దక్కుతారో అంచనా వేయడానికి డాక్టర్లు మూడు పరీక్షలు చూస్తారు. కామెర్లు ఎంతో చెప్పేది బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పేది ఐఎన్ఆర్, కిడ్నీల పని చెప్పేది క్రియాటినిన్. మూడూ కలిపి ఒక స్కోరు కడతారు. విశాఖ ల్యాబు నుంచి ఫలితాలు ఫోనులో వచ్చాక మా డాక్టరుగారు స్కోరు కట్టి, దక్కే ఆశ చాలా తక్కువన్నారు. విశాఖ పెద్దాసుపత్రికి ఘాట్ రోడ్డు దింపితే దారిలోనే పోవచ్చన్నారు. వైరస్‌కు మాత్రలు, యాంటీబయాటిక్ ఇక్కడే మొదలుపెట్టారు.

సోమన్న అన్నదమ్ములు ఇంటికి తీసుకెళ్తామన్నారు. పోయేదేదో తనవాళ్ల మధ్య పోవాలని వాళ్ల కోరిక. అది తప్పని నేననలేను. చివరికి నిర్ణయం చిలకమ్మకే వదిలారు. ఆమె నన్ను వరండాలోకి పిలిచింది.

“సిస్టరమ్మా, బతుకుతాడా? పుట్టే బిడ్డని సూత్తాడా? ఉన్నదున్నట్టు సెప్పు.”

ఇంత ముదిరాక ఎక్కువమంది దక్కరని చెప్పాను. నా చేయి ఆమె చేతిలోనే ఉంది. “కానీ ఆ లెక్క చాలామందిని చూసి కట్టింది. నీ మనిషి ఎటు మళ్లుతాడో ఈ వారంలో కొంత తెలుస్తుంది. అంతవరకూ ఉంచి చూడు.”

ఆమె లోపలికి తొంగి చూసింది. “అయితే ఉంటాం. తోడు నానుంటాను,” అంది.

లివర్ వడకట్టలేని విషాలతో మెదడుకు పట్టిన మబ్బు వదలడానికి ముక్కు గొట్టం ద్వారా లాక్టులోజ్ అనే సిరప్ పోసేదాన్ని. దానితో విరేచనాలవుతాయి, పక్కబట్టలు పదేపదే మార్చాలి. చిలకమ్మకు వంగడం కష్టం. అయినా తడిగుడ్డతో అతని ముఖం తుడుస్తూ, తమ భాషలో చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉండేది. అంతవరకూ చుక్కలుగానే వస్తున్న మూత్రం సంచిలో నిండడం మొదలైన రోజున డాక్టరుగారి ముఖం తేలికపడింది. మళ్లీ పంపిన రక్తంలో క్రియాటినిన్ తగ్గింది. ఒక ఉదయం సోమన్న కళ్లు తెరిచి, తడుముకుంటూ భార్య పొట్ట మీద చేయి పెట్టాడు.

“ఇంకా పుట్టలేదేటి?” అన్నాడు.

చిలకమ్మ అప్పుడు ఏడ్చింది, అన్ని రోజుల్లో మొదటిసారి.

పాప మా ఆసుపత్రిలోనే పుట్టింది. తండ్రి జబ్బు అంటకుండా పుట్టిన రోజే హెపటైటిస్-బి టీకా నేనే వేశాను. సూది గుచ్చుతుంటే ఆ చిన్న కాలు పట్టుకున్నది సోమన్నే. చిలకమ్మ కంటే అతనే ఎక్కువ కంగారుపడ్డాడు.

మాత్రలు వేసుకుంటూ కొన్నేళ్లు బతికాడు. తర్వాత ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ సంగతి చెప్పడానికి చిలకమ్మ పాపను వెంటబెట్టుకుని వచ్చింది. “ఈ గుంటకి సెట్టెక్కడం కూడా నేర్పి పోనాడమ్మా,” అంది పాప తల నిమురుతూ.

ఆ తర్వాత ‘బతుకుతారా’ అని ఎవరడిగినా నేను స్కోరు దాచలేదు. మాకు తెలిసినంత చెప్పి, తెలియనిది కూడా చెప్పేదాన్ని. చెప్పాక వెంటనే లేచి వెళ్లకుండా, వాళ్ల పక్కన కాసేపు కూర్చునేదాన్ని.