పెద్దల్లుడికి ఎడిటర్ మర్యాద

ఆ రోజుల్లో అనగానే మీరు ఎడ్లబండ్ల కాలానికి పోకండి. నేను చెప్పేది మొన్నమొన్నటి సంగతి. చేతిలో ఫోను, ఫోనులో నెట్టు ఉన్న రోజులే. కాకపోతే అప్పుడు నాకు మీసం కొత్త, ఉద్యోగం కొత్త, తెలివి మాత్రం పుట్టుకతోనే వచ్చిందని గట్టి నమ్మకం. ఆ వయసులో మనకు తెలియనిది ఒకటుందని ఎవరైనా అంటే ఒళ్లు మండిపోతుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రాదు, జాలీ రాదు, పక్కన కూర్చోబెట్టుకుని ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది.

కోరుట్లలో బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో చేరాను. యజమానిని ఊరంతా భాయ్ అనే పిలిచేవారు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడే మనిషి. పెండ్లి ఫొటోలు భాయ్ తీసేవాడు. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి, రంగులు సరిచేసి, ఆల్బం కూర్చడం నా పని. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి పెండ్లికి రాలేకపోయిన అన్నదమ్ములను కుటుంబం ఫొటోలో అందరి పక్కనా అతికించి నిలబెట్టడం కూడా నా పనే (ఒకాయన్ను చెప్పులు లేకుండా నిలబెట్టానని ఆయన అక్కడి నుంచి ఫోన్ చేసి మరీ తిట్టాడు). అంతవరకు పద్ధతి ఏమిటంటే, పెండ్లయిన కొద్ది రోజులకు రెండు వైపుల వాళ్లూ స్టూడియోకు వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆల్బంలోకి ఏ ఫొటోలు పోవాలో ఏరుకునేవారు. ఏరుకోవడం తక్కువ, పోట్లాడుకోవడం ఎక్కువ. చాయ్‌లు పోసీ పోసీ విసుగెత్తి, ఒకనాడు నేను భాయ్‌కి నా తెలివి చూపించాను.

"భాయ్, ఫొటోలన్ని క్లౌడ్ల పెడుదాం. లింకు పంపితె ఎవలింట్ల వాళ్లు కూసొని ఏరుకుంటరు."

"నెట్ల పెడ్తె ఊరందరు చూడరా రా?"

"మనం ఇచ్చినోళ్లకే కనవడ్తయి భాయ్. కొందరికి ఊకె చూసే హక్కిస్తం, వాళ్లు వ్యూయర్లు. కొందరికి తీసుడు పెట్టుడు హక్కిస్తం, వాళ్లు ఎడిటర్లు. అంత మన చేతిల ఉంటది."

"నీ చేతిల అంటెనే నాకు పరేషాన్," అన్నాడు భాయ్. అన్నాడు గానీ ఒప్పుకున్నాడు.

అలా క్లౌడ్‌లోకి ఎక్కిన మొదటి పెండ్లి బుగ్గారం పిల్లది. పెండ్లి పిల్లగాడిది సిరిసిల్ల. దుబాయ్‌లో పని, పెండ్లి కోసమే సెలవు పెట్టి వచ్చాడు, సెలవు అయిపోగానే మళ్లీ విమానం ఎక్కాలి. పెండ్లయిన మూడోనాడే ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. అతను గుమ్మం దగ్గరే సిగ్గుపడుతూ ఆగిపోయాడు. ఆమె మాత్రం నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చింది.

"అన్నా, ఆయన పోయేటాల్లకు ఆల్బం కావాలె. సూట్‌కేస్‌ల నా చేతులతోని పెట్టి పంపుత. పోతె మల్ల రెండేండ్ల దాంక రాడు."

"నువ్వు రంది పడకు చెల్లె, నాది జిమ్మ," అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

ఫొటోలన్నీ ఎక్కించాను. పెండ్లిపిల్లను, పిల్లగాడిని ఎడిటర్లను చేశాను, పెండ్లి వాళ్లది కదా. చుట్టాలందరినీ వ్యూయర్లుగా పెట్టి లింకు పంపాను. కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డరూ, క్లౌడ్‌లో ఉన్న ఫోల్డరూ ఒకదానికొకటి కలిసి ఉండేలా చేశాను, ఇక్కడ ఏది మారినా అక్కడా మారుతుంది. పక్క పెండ్లికి కావాలని కెమెరా కార్డులు ఖాళీ చేసి భాయ్‌కి ఇచ్చేశాను. ఇంత చక్కగా పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకుని ఒక సమోసా కూడా తిన్నాను.

మర్నాడు పెండ్లిపిల్ల తండ్రి స్టూడియోలోకి వచ్చాడు. ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కిన మనిషి, ఇప్పుడు బుగ్గారంలో టెంటు సామాను కిరాయికి ఇస్తాడు. భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా కొంప ముంచినవ్ గదనే తమ్మీ!"

"ఏమైంది కాకా?"

"పెద్దల్లుడు అలిగిండు. బిడ్డకు ఒడిబియ్యం పోసేనాడు రానంటుండు. చిన్నల్లునికేమో ఎడిటరట, ఆయనకేమో గదేందది..."

"వ్యూయర్."

"ఆఁ, గదే. పెద్దల్లునికి తక్కువది పెడ్తవా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

మీకు మా వైపు పెండ్లిళ్ల సంగతి తెలిసే ఉంటుంది. చుట్టాలకు బట్టలు పెడతారు. ఎవరికి పెట్టింది ఎంతలోది, ఎవరి చీర అంచు ఎంత వెడల్పు అని అందరూ వేలితో తడిమి మరీ చూసుకుంటారు. ఒక్క పిసరు తేడా వచ్చిందంటే ఏళ్ల తరబడి రాకపోకలు ఉండవు. నేను కంప్యూటర్‌లో పెట్టిన హక్కులను కూడా ఆ కుటుంబం అలాగే తడిమి చూసుకుంది. ఫోల్డర్ తెరిచి, ఎవరి పేరు పక్కన ఏముందో ఒకరికొకరు చూపించుకున్నారట. ఇది నాకు కల్లో కూడా తట్టని సంగతి. నేను తేరుకునేలోపే జగిత్యాల నుంచి పెద్దల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ ఆయనకు ఎరువుల దుకాణం ఉంది, గొంతు కూడా రైతులతో బేరమాడే గొంతే.

"నేనీ ఇంటికి అల్లునై ఎన్నేండ్లాయె తమ్మీ? మొన్నచ్చినోడు ఎడిటరా? నేను ఊకె చూసుడేనా? సినిమా చూడనీకి అచ్చిన్నా నేను?"

"లేదన్నా, గది మర్యాద ముచ్చట కాదు, ఫొటోలు ఏరేటందుకు..."

"ఏరుతనో ఏరనో నా ఇష్టం. హక్కుండాలె గద!"

పక్కన పెండ్లిపిల్ల తండ్రి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. తండ్రి వయసు మనిషి నాకు దండం పెడుతుంటే చూడలేక, పెద్దల్లుణ్ని అప్పటికప్పుడు ఎడిటర్ను చేశాను. ఇక చూడండి. పెండ్లిపిల్ల మేనత్త ఫోన్ చేసింది, "నేను ఆడబిడ్డను, అల్లుని కన్న తక్కువనా?" అని. పెండ్లిపిల్ల వదిన ఫోన్ చేసింది. సిరిసిల్ల నుంచి పిల్లగాడి తల్లి, "మొగపిల్లగాని దిక్కోళ్లం, మాకే చిన్నతనం చేసిన్రు," అని ఏడ్చినంత పని చేసింది. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే బాగుండదని అడిగినవాళ్లకూ ఇచ్చాను, అడగనివాళ్లకూ ఇచ్చాను. సాయంత్రానికి ఆ రెండు కుటుంబాల్లో వ్యూయర్ అన్నవాడే మిగలలేదు. అందరూ సంతోషించారు. పెండ్లిపిల్ల తండ్రి ఫోన్ చేసి, "సల్లగుండు బిడ్డా," అని దీవించాడు.

తెల్లారి స్టూడియో తెరిచి, ఆల్బం మొదలుపెడదామని ఫోల్డర్ తెరిచాను. పెండ్లి లేదు! తలంబ్రాలు లేవు. జీలకర్ర బెల్లం లేదు. పుస్తె కట్టేది లేదు. అప్పగింతలు లేవు. మిగిలినవి ఏమిటంటే, బగారన్నం గంగాళం, జనరేటర్, వరుసగా ఆరేసిన వంటవాళ్ల తువ్వాలలు, లైటు పట్టుకుని ఆవలిస్తున్న నేను. తెర మూసి మళ్లీ తెరిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఆవలిస్తున్న నేనే మళ్లీ కనిపించాను.

వెనక నుంచి భాయ్ వంగి చూశాడు. "యా అల్లా! పెండ్లి ఏది రా?"

"నిన్న ఉండె భాయ్..."

"నిన్న ఉండెనా! పిల్లగాడు ఐదొద్దులల్ల విమానం ఎక్కుతడు. నా ఇజ్జత్ ఏం గావాలె?" అని ఆ పైన ఉర్దూలోకి మారాడు. నాకు సగమే అర్థమైంది, ఆ సగమే చాలా ఎక్కువ.

ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. మేనత్త తడుముకోకుండా చెప్పింది. "నా నోట్లె లడ్డున్న ఫొటోలు ఎవలన్న చూస్తె బాగుండదని నా ఫోన్లకెల్లి తీసేసిన కొడుకా. నా ఫోన్ల తీస్తె నీ కంప్యూటర్లకెల్లి ఎట్ల పోతయి? ఇడ్డూరం గాకపోతె!" పిల్లగాడి తల్లి తలంబ్రాలన్నీ తీసేసింది. "అండ్ల నా కండ్లు మూసుకున్నయి. ఒక్కటే తీస్తె తెలుస్తదని మొత్తం తీసేసిన." వదిన తన పక్కన ఎవరు సన్నగా కనబడ్డా ఆ ఫొటో తీసేసింది, ఆమె పక్కన పెండ్లిపిల్ల నిలబడ్డవీ అందులో పోయాయి. ఒక్క పెద్దల్లుడు మాత్రం ఫోల్డర్ తెరవనే లేదట. "తీసుడు పెట్టుడు నాకెందుకు తమ్మీ, దుకాణంల గిరాకి ఉన్నది," అన్నాడు చల్లగా. ఆ మాట విన్నాక నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

మధ్యాహ్నం దాకా అన్నం ముట్టకుండా వెతికితే, తీసేసిన ఫొటోలన్నీ క్లౌడ్ చెత్తబుట్టలో పడి ఉన్నాయి. అప్పుడు నేను వేసిన కేకకు పక్క మెడికల్ షాపతను పరుగెత్తుకొచ్చాడు. పుస్తె, తలంబ్రాలు, అప్పగింతలు, మేనత్త లడ్డుతో సహా అన్నీ వెనక్కి తెచ్చి, భాయ్‌కి చూపించి, కాలర్ సరిచేసుకుని ఇంటికి పోయాను.

పొద్దున వచ్చి చూస్తే మళ్లీ లేవు. బగారన్నం, జనరేటర్, నేను.

తెచ్చిపెట్టాను గానీ ఎవరి హక్కులు వాళ్లకే వదిలేసిపోయాను! అప్పుడే మేనత్త ఫోన్. "కొడుకా, తీసేసిన ఫొటో మల్ల అచ్చింది. మల్ల తీసిన. ఏమన్న గాలి సోకిందానే దానికి?" హక్కులు తీసేస్తే అందరూ అలుగుతారు. తీయకపోతే పెండ్లి మిగలదు. భాయ్ ఆల్బంలు అచ్చేసే కరీంనగర్ ప్రెస్సుకు ఫోన్ చేస్తే, ఫొటోలు ఈ రోజు వచ్చినా ఆల్బం మాత్రం పిల్లగాడు పోయాకనే అన్నారు. సరిగ్గా ఆ మాట భాయ్ నోట్లో ఉండగానే పెండ్లిపిల్ల లోపలికి వచ్చింది, మొగుడు గుమ్మంలోనే ఆగాడు. అంతా వింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండేది, ఆమె నవ్వకుండా ఏడవకుండా నిలబడితే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నా, పెండ్లి అయింది ఎవలకు?"

"మీకే చెల్లె."

"మరి అందరియి తీసెయ్. ఎవలన్న అడిగితె నా పేరు చెప్పు."

"మీ పెద్దబావయి గూడనా?" అన్నాను భయంభయంగా.

"ఆయనయి ముందు తీసెయ్. ఫోల్డర్ నా పేరు మీద మార్చు. ఆల్బం అందకపోతె గిదే ఆయన ఫోన్ల పోతది." గుమ్మంలో మొగుణ్ని ఒకసారి చూసి, "ఆయన్ని గూడ ఊకె చూసేటోన్నే చెయ్యి," అంది. అతను బుద్ధిగా తల ఊపాడు.

అందరినీ మళ్లీ వ్యూయర్లను చేసి, ఫొటోలు మళ్లీ వెనక్కి తెచ్చి, ఫోల్డర్ ఆమె పేరు మీదికి మార్చి, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను. మోగింది. జగిత్యాల.

"ఏం తమ్మీ, నాది తీసేసినవట?"

"అందరియి తీసేసిన అన్నా. చెల్లె చెప్పింది."

"చిన్నల్లునిది?"

"ఆయన గూడ ఇప్పుడు వ్యూయరే."

అవతల తృప్తిగా ఒక నిట్టూర్పు. "గట్లనా? అయితె మంచిదే. ఒడిబియ్యానికి అస్తున్న అని మామకు చెప్పు."

పిల్లగాడు వెళ్లిపోయిన తర్వాతే ఆల్బం వచ్చింది. తీసుకుపోవడానికి ఆమె ఒక్కతే వచ్చింది. అట్ట మీద చెయ్యి పెట్టి నిమిరింది గానీ తెరవలేదు. "అచ్చినంక ఇద్దరం చూస్తం," అంది. నాకు మనసంతా చేదైపోయింది. ఏమని సర్దిచెప్పాలో తెలియక, "కవరు ఇయ్యాల్నా చెల్లె?" అని అడిగాను. ఇంతకన్నా తెలివితక్కువ మాట నా జీవితంలో అనలేదు.

పేరు మార్చేటప్పుడు ఆ ఫోల్డర్‌లో నా పేరు నేను తీసేయలేదు. కావాలని కాదు, అందరి హక్కులు మార్చే హడావుడిలో నన్ను నేను మరచిపోయాను. కొన్నాళ్లకు అందులో కొత్త ఫొటోలు కనిపించసాగాయి. మాడిపోయిన జొన్నరొట్టె ఒకటి. దుబాయ్‌లో ఒక గదిలో పై మంచం, గోడకు అతికించిన తలంబ్రాల ఫొటో (చుట్టాల పేర్లు తీసేసి, ఆయన్ను మళ్లీ ఎడిటర్ను చేసుకున్నట్టుంది). ఇంకోనాడు కొత్త చీర, కుచ్చిళ్లు మాత్రమే. ఆల్బంలో కనిపించాల్సిన ఫొటోలు కావు ఇవి. చూడకూడదని తెలుసు. అయినా పనిలో చేరగానే ఒకసారి తెరిచి, ఆ రొట్టెలు బాగుపడుతున్నాయా లేదా అని చూసి, ఆ తర్వాతే చాయ్ తాగేవాణ్ని.

ఒక పొద్దున తెరిస్తే ఫొటోలు రాలేదు. ఈ ఫోల్డర్ చూడటానికి మీకు అనుమతి లేదు, కావాలంటే అడగండి అని తెర మీద వచ్చింది. నాకు! రెండు కుటుంబాల వాళ్లకు హక్కులు పంచిపెట్టిన నాకు! ఒక్క క్షణం పెద్దల్లుడి బాధ ఏమిటో పూర్తిగా తెలిసింది. ఉక్రోషంతో భాయ్‌ని పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ మాటలు చదివాడు, నన్ను చూశాడు, మళ్లీ తెరను చూశాడు.

"గిప్పుడైంది రా పెండ్లి," అన్నాడు.

ఆ వాక్యం కింద అనుమతి అడిగే మీట ఒకటుంది. వేలు దాని దాకా పోయింది. ఆ కుర్రాడు నొక్కకుండా ఆగినందుకు మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా, అతని భుజం తట్టాలనిపిస్తుంది.