జుబేదా పేట చూసిన రోజు

వినుకొండ నుంచి కోడలిగా వచ్చిన రోజు జుబేదాను స్టేషన్‌లో దించి, తెర కట్టిన జట్కా ఎక్కించి, పాతూరులో అత్తగారి గుమ్మం ముందు దింపారు. ఆ ఇంటి కోడళ్లు గడప దాటి ఊరు చూడకూడదన్నారు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు గడిచినా ఆమె నరసరావుపేటను చూడలేదు. విన్నది మాత్రం చాలా ఉంది. పొద్దున్నే కంచరివాళ్ల సుత్తుల చప్పుడు, మధ్యాహ్నం గోలీసోడా కొట్టిన చప్పుడు, సంతరోజు ఎడ్ల మెడల్లో గంటలు అన్నీ గోడ దాటి వచ్చేవి. ఒకసారి భర్త అబ్దుల్ గఫార్‌ను అడిగింది, "కోట ఎట్టుంటది?" అని.

"గోడలుంటయి. చూట్టానికేముంది?" అన్నాడాయన.

గఫార్ లారీలు బాగుచేసే మేస్త్రీ. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బండ్లన్నీ బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి కాబట్టి ఆయనకు చేతినిండా పనే. నెలలో సగం రోజులు మాచర్లలోనో గురజాలలోనో ఉండేవాడు. ఇంట్లో జుబేదా, కూతురు అబిదా, అత్త ఖాతూన్ బీ మిగిలేవాళ్లు.

ఖాతూన్ బీ బొంతలు కుట్టేది. పేటలో కాస్త కలిగిన ఇళ్లన్నిటికీ ఆమె బొంతలే. పాతచీరలు మూటగట్టి పంపితే పొరమీద పొర వేసి, చలికి గాలి దూరకుండా కుట్టి ఇచ్చేది. కళ్లు మసకబారినా వేళ్లతో తడిమి కుట్టేది. ఆమె ఒక్కటే కోరేది: "నేను పోయాక నాకు కొత్తగుడ్డ కట్టండే. బతుకంతా ఊళ్లోవాళ్ల పాతగుడ్డల్తోనే సరిపోయింది."

నలభై అయిదులో, ఒక ఆదివారం తెల్లారేసరికి ఖాతూన్ బీ పోయింది. మాచర్ల బస్సు డ్రైవరుతో గఫార్‌కు కబురంపారు. శవానికి చుట్టే కఫన్‌గుడ్డ తెస్తానని వరసకు చిన్నమామ అయిన ఇమాం సాహెబ్ బజారుకెళ్లాడు. అంతలోనే ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

"కోరాగుడ్డ లేదంటన్నారమ్మా. అంతా కంట్రోలు. చీటీ ఉంటేనే ఇస్తారంట, కచేరీ ఇయ్యాల మూత. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లే ఉతికి కడదాం. అల్లా దయగలవాడు, ఒప్పుకుంటాడు."

"అల్లా ఒప్పుకుంటాడు చాచా. నేనడిగేది కొట్లవాళ్ల సంగతి. శవం ఇంట్లో ఉందని చెప్పారా? ఎన్ని కొట్లు అడిగారు?"

ఇమాం సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "కోట దగ్గర అడిగా. లేదన్నారు. లేదన్నాక ఏం చేస్తాం?"

జుబేదాకు ఒళ్లు మండింది. వేళ్లన్నీ సూదిపోట్లతో గట్టిపడి, నేలమీద పడి ఉన్న అత్త చేతుల్ని చూసింది. ఊరంతటికీ బొంతలు కుట్టిన మనిషికి ఊళ్లో గుడ్డ లేదా? లేదని ఒక్కమాట అంటే మగవాళ్లు తలూపి వెనక్కొస్తారా?

లేచి బురఖా వేసుకుంది. పక్కింటి పున్నమ్మ రోజూ పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని బజారంతా తిరిగే మనిషి. "పున్నమ్మక్కా, నాకు దారి చూపించు" అంది జుబేదా.

"యాడికి?"

"గుడ్డలకొట్లు యాడుంటే ఆడికి."

ఇమాం సాహెబ్ ఏదో అనబోయేలోపే ఇద్దరూ వీధిలో ఉన్నారు.

సందు మలుపు తిరగ్గానే సుత్తుల చప్పుడు దగ్గరైంది. ఇన్నేళ్లూ ఆ చప్పుడుకు వీధి పొడుగునా కొలుములు, ఇత్తడి బిందెల వరసలు ఊహించుకుంది జుబేదా. తీరాచూస్తే చీకటి కొట్టులో ఇద్దరు ముసలాళ్లు పాత చెంబుకు సొట్టలు తీస్తున్నారు. అక్కణ్ణుంచి కోట. జమీందార్ల కోట అంటే ఏమోననుకుంది. గోడ సగం కూలి, మిగిలిన సగం మీద ఎవరో పిడకలు కొట్టారు. పిడకల పక్కన సైన్యంలో చేరమనే కాగితాలు అతికించి ఉన్నాయి. ఆ నీడలో గాడిదలు నిలబడి ఉన్నాయి. మిరపకాయ బస్తాలు, ఈగలు, దుమ్ము, బేరాలాడుకునే మనుషులు.

జుబేదా ఒక్కక్షణం ఆగిపోయింది. "ఇంతేనా అక్కా?"

"ఇంతేనమ్మా. ఏమనుకున్నావ్?"

"మరి దీన్ని నేను చూడకూడదని ఎందుకన్నారు?"

పున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. గుడ్డలకొట్ల వీధికి తీసుకెళ్లింది. మొదటి కొట్లో అరలన్నీ ఖాళీ. రెండోదాంట్లో గుమాస్తా తలెత్తకుండానే లేదు పొమ్మన్నాడు. మూడోవాడు, "మగాళ్లకు లేదంటే ఆడాళ్లను పంపుతన్నారే!" అని నవ్వాడు. ఆ నవ్వుకు జుబేదా పళ్లు పటపట కొరికింది.

వీధి చివర గోపాలకృష్ణయ్య కొట్టు. పేటలో పెద్దకొట్టు అదే. ముందు తలుపు ఓరగా వేసి ఉంది. పక్కసందులో మాత్రం రొంపిచెర్ల నుంచి వచ్చిన పెళ్లివారి బండి ఆగి ఉంది. కూలీలు లోపలినుంచి మూటలు తెచ్చి ఎక్కిస్తున్నారు. ఒక మూట అంచున తెల్లటి గుడ్డ బయటికి కనిపిస్తోంది.

జుబేదా గుమ్మం ఎక్కింది. "షావుకారుగారూ, మా అత్త పోయింది. కఫన్‌కు గుడ్డ కావాలి."

"లేదమ్మా. చీటీ తెచ్చినా లేదు. సరుకే రావట్లా."

"సందులో బండికెక్కేదేంది?"

"అది ముందే చెప్పి పెట్టుకున్న సరుకు. నీకెందుకు? దిగు, దిగు."

జుబేదా దిగలేదు. ఆ గుమ్మంలోనే కూలబడింది. ఇంట్లో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"మా అత్త పేరు ఖాతూన్ బీ! నీ ఇంట్లో మంచాల మీద బొంతలన్నీ ఆమె కుట్టినయ్యే. నీ పిల్లలు పుడితే పొత్తిగుడ్డలు కుట్టిచ్చింది. ఇప్పుడామె కటికనేల మీదుంది. పెళ్లివాళ్లకు బండ్లకు బండ్లు పోతుంటే చచ్చిపోయినదానికి గుడ్డ లేదా? గుడ్డ ఇచ్చిందాకా నేను లెయ్యను. నలుగురూ రండి, చూడండి!"

జనం పోగయ్యారు. సోడా తాగేవాళ్లు గోలీ చప్పుడాపి వచ్చారు. మిరపకాయల బేరగాళ్లు వచ్చారు. ఎవరో, "ఆ బొంతల ముసలమ్మేనా? మా ఇంటికీ కుట్టింది" అన్నారు. ఇంకెవరో, "సందులో మూటలెన్నున్నయో లెక్కపెట్టండిరా" అన్నారు. గోపాలకృష్ణయ్య మొహం మాడిపోయింది.

అప్పుడు లోపల తివాచీ మీద కూర్చున్న పెళ్లిపెద్ద చెన్నకేశవరావు విసుక్కున్నాడు. "ఇచ్చి పంపవయ్యా! శుభమా అని పెళ్లిబట్టలు కొంటుంటే గుమ్మంలో ఈ శవాల గోలేంది?"

గుడ్డ బయటికొచ్చింది. జాలిపడి ఇచ్చింది కాదు, పెళ్లివారికి అపశకునమని ఇచ్చింది. ఆ సంగతి జుబేదాకు తెలిసింది, ఇంకా మండింది. అయినా గుడ్డ పట్టుకుని మూరవేసి చూసింది.

"ఇది చాలదు. ఆడమనిషికి అయిదు ముక్కలు కావాలి."

"సర్దుకో."

"బతికినన్నాళ్లూ సర్దుకుంది. ఇప్పుడు సర్దుకోదు. కొలువు."

షావుకారు కొలిచాడు. జుబేదా అంచు మీద ముద్రేసిన ధర చూపించి, అంతే డబ్బిచ్చి, గుడ్డ చంకన పెట్టుకుని లేచింది. జనం దారిచ్చారు.

ఇంటికొచ్చేసరికి ఇమాం సాహెబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బజార్లో కూర్చుని అరిచావంట. ఖాందాన్ పరువేం కావాలి?"

"మీరు ఉత్తచేతుల్తో వచ్చినప్పుడు పోలేదా చాచా, పరువు?" అంది. లోపలికెళ్లి ఆడవాళ్లతో కలిసి అత్తకు స్నానం చేయించింది. కొత్తగుడ్డ కట్టింది. అప్పుడుగానీ ఏడుపు రాలేదు.

గఫార్ సాయంత్రానికి వచ్చి చేరాడు. ఖననం అయ్యాక, తలకాయ దించుకుని, "నేనొచ్చిందాకా ఆగాల్సింది" అన్నాడు.

"ఆగితే మీరు తెచ్చేవాళ్లా? మీ బాబాయి తెచ్చాడా? నాలుగడుగుల దూరంలో బజారు పెట్టుకుని, ఇన్నాళ్లూ నాకు చూపించకుండా ఏం దాచారు? గాడిదల్నా? పిడకల్నా?"

గఫార్ లేచి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ తర్వాత జుబేదా ఇంట్లో కూర్చోలేదు. బురఖా తీయలేదు, నడవడమూ మానలేదు. పున్నమ్మతో కలిసి కోట చుట్టూ తిరిగింది, స్టేషన్ దాకా వెళ్లింది, ప్రతి సందూ ఎటు పోతుందో తెలుసుకుంది. కంట్రోలు కొట్టు దగ్గర మగవాళ్లు తోసుకుంటుంటే ఆడవాళ్లకు వేరే వరస కావాలని పోట్లాడి నిలబెట్టింది. ఎవరింట్లో చావు జరిగినా, హిందువులైనా తురకలైనా, ముందు ఆమెనే పిలిచేవాళ్లు. ఆమె వస్తోందంటే గోపాలకృష్ణయ్య గుమాస్తా గుడ్డ తీసి పెట్టేవాడు. వెనక మాత్రం 'బజారు జుబేదా' అనేవాళ్లు. ఎదురుగా అంటే, "ఏం కావాలి?" అని పలికేది.

స్వతంత్రం వచ్చిన ఏడాది, కూతురు అబిదాను చూసుకోడానికి గురజాల నుంచి మనుషులొచ్చారు. పిల్ల నచ్చింది. టీలు తాగుతూ పిల్లాడి మేనమామ మెల్లగా అడిగాడు, "తల్లి బజార్లో తిరుగుద్దంట, నిజమేనా?"

లోపలినుంచి జుబేదా గొంతు వినిపించింది. "తిరుగుద్ది. రేపు నా కూతురూ తిరుగుద్ది. మీ ఇంట్లో చావొస్తే గుడ్డ ఎవరు తెస్తారో ముందు అది చూసుకోండి."

వాళ్లు లేచి వెళ్లిపోయారు. గఫార్ అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. "టీపొడి దండగైంది" అన్నాడు నవ్వుతూ. ఆ ఇంట్లో ఆయన ఆమె పక్షాన అన్న మొదటి మాట అదే.

జుబేదాకు నవ్వు రాలేదు. గ్లాసులన్నీ పోగుచేసి, వీధిదాకా వినపడేట్టు కడిగింది.