తూనీగ ఏడు

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మందుల షాపుకీ, కళ్లజోళ్లాయనకీ, రక్తపరీక్షల ల్యాబుకీ ఆవిడ సిస్టమక్క. మొత్తం ముప్ఫై రెండు కంప్యూటర్ల బాగోగులు ఆవిడవే. మోకాళ్లు అరిగాక గడప దాటడం తగ్గించేసి, ఇంట్లో కూర్చునే అవతలివాళ్ల కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు అన్నింట్లోనూ పెట్టింది. షాపులో ప్రింటరు మొరాయిస్తే, ఈవిడ టీ తాగుతూనే అక్కడి బాణం గుర్తును కదిపి దాన్ని దారికి తెచ్చేది. "మనిషి లేకుండా మౌసు తిరుగుతోందేంటమ్మో!" అని మొదట్లో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాత అలవాటు పడ్డారు. కొంప ముంచింది ఆ అలవాటే.

మూడేళ్ల క్రితం వాళ్లాయన పోయాడు. పొద్దున బస్సు డ్యూటీకి వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి లేడు. ఆవిడ కంట చుక్క నీరు రాలేదు. "రాయేనమ్మా, మనిషి కాదు" అని ఆడపడుచు ఆవిడ మొహం మీదే అనేసింది. రాయీ లేదు, రప్పా లేదు. ఏడుపు లోపల ఎక్కడో ఇరుక్కుపోయింది, అంతే. బతికున్నన్నాళ్లూ ఆవిడ అలిగి ముడుచుకుపోతే ఆయన వీపు నిమురుతూ, "ఏడు తూనీగా, ఏడు. తేలికపడతావు" అనేవాడు. ఒకచోట కుదురుగా నిలవదని తూనీగ. ఇద్దరే ఉన్నప్పటి పిలుపు అది. కన్నతల్లికి కూడా తెలియదు.

ఆయన పోయిన నెలలోనే ఆవిడ ఆ సాఫ్ట్‌వేరు పని పెట్టుకుంది. మనసు మనసులో లేదు. పాస్‌వర్డు ఏదో కొట్టింది, ఒప్పుకోకపోతే ఇంకేదో కలిపింది, 'గుర్తుంచుకో' అన్నచోట టిక్కు పెట్టింది. దాన్నే కాపీ తీసి ముప్ఫై రెండింట్లోనూ దించేసింది. మళ్లీ ఆ పాస్‌వర్డును వేలితో కొట్టింది లేదు, తలుచుకున్నదీ లేదు. కంప్యూటరుకు గుర్తుండగా మనిషికెందుకు, చెప్పండి!

మొన్న ఓ మిట్టమధ్యాహ్నం ల్యాబు గుమాస్తా ఫోన్ చేశాడు. పెద్దాయన. ఫోన్ నంబరైనా సరే తెలుగు అంకెల్లోనే చెప్పే మనిషి.

"అమ్మాయ్, మా కంప్యూటరులో ఉన్నది నువ్వేనా?"

"లేదే బాబాయ్‌గారూ. ఇప్పుడేగా అన్నం తిని లేచాను."

"మరి మౌసు దానంతటదే తిరుగుతోందే! నేను చెయ్యి కూడా పెట్టలేదు. ఇందాక చిరునామా రాసేచోట ఏదో పడింది కూడా. నాకేం అర్థంకాక చెరిపేశా."

"ఏం పడింది?"

"తూనీగ... ఏడు. అంతే."

 ఒళ్లంతా చల్లబడిపోయింది. భయం కాదు, ఆశ. అదే ఘోరం.

"వైరు పీకెయ్యనా అమ్మా?"

"వద్దు బాబాయ్‌గారూ! వద్దు. అలాగే ఉండనివ్వండి."

ముప్ఫై రెండు చోట్ల నమ్మకంగా పనిచేసిన మనిషి అనాల్సిన మాటేనా అది? కానీ అంది. ఫోను పెట్టెయ్యకుండానే, మోకాళ్ల సంగతి మరిచి పరుగున వచ్చి తన తెర మీద ల్యాబు కంప్యూటరును తెరిచింది. నిజమే. బాణం కదులుతోంది, మెల్లగా, వెతుక్కుంటున్నట్టు. ఒక్కో రిపోర్టూ తెరుస్తోంది, మూస్తోంది. ఆవిడ తన మౌసు మీద చెయ్యి వేసింది. బాణం ఆగింది. ఆవిడ కాస్త ఎడమకు లాగితే, అవతలి నుంచి ఎవరో కాస్త కుడికి లాగారు. ఆ లాగుడులో బలం లేదు. చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగా, ఆవిడ మూడేళ్ల తర్వాత సిగ్గుపడింది.

ఖాళీ పేజీ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది. "నువ్వేనా?"

 తర్వాత ఒక్కో అక్షరం వచ్చింది. "అవును."

ఆవిడ వెంటనే కొట్టింది. "నన్నేమని పిలుస్తావు? ఒక్కసారి పిలువు."

ఈసారి అక్షరాలు ఒక్కొక్కటిగా రాలేదు. ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు మొత్తం ఒకేసారి పడింది. తూనీగ. దాని వెనకే, సందు లేకుండా అంటుకుని, 7.

ఏడు. ఏడవమన్న ఏడు కాదు. అంకె.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆ పిలుపునే పాస్‌వర్డుగా కొడితే, అంకె కూడా ఉండాలని సాఫ్ట్‌వేరు మొండికేసింది. చేతికందిన ఏడు కలిపింది. ఆయన పోయాక కలిపిన ఏడు. ఆయనకెలా తెలుస్తుంది?

ఆవిడ చూస్తుండగానే, బాణం తొందరేమీ లేకుండా తర్వాతి రిపోర్టు మీదికి వెళ్లింది.

"బాబాయ్‌గారూ, వైరు పీకెయ్యండి! పీకెయ్యండి!" అని ఫోనులో అరిచింది. తెర నల్లబడింది. అప్పటికే ఊళ్లో ఎవరికే జబ్బో చెప్పే రిపోర్టులు మూడొందలు ఎవడి చేతికో వెళ్లిపోయాయి.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఆ సాఫ్ట్‌వేరు పాస్‌వర్డును ప్రతి కంప్యూటరులోనూ ఓ మూల రాసి పెట్టుకుంటుంది. అక్షరాలు తారుమారు చేసే రాస్తుంది, కాదనను. కానీ తారుమారు చేసే కిటుకు లోకంలోని కాపీలన్నింటికీ ఒకటే, అదీ ఎప్పుడో బయటపడింది. ఏదో ఒక షాపులో మౌసు తిరిగితే సిస్టమక్కేలే అని ఊరుకున్నారు; అక్కడ దూరినవాడు ఆ మూల చూసి పాస్‌వర్డు లాగేశాడు. మిగతా తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. ఏమని పిలుస్తావని అడిగితే, ఆవిడ గురించి వాడికి తెలిసింది అదొక్కటే కాబట్టి అదే అతికించాడు. కొత్త వెర్షను పెట్టుకోమని ఆర్నెల్ల క్రితమే కబురొచ్చింది. ఈవిడే చూద్దాంలే అనుకుంది.

రెండు రోజులు ఆ మోకాళ్లతోనే షాపు షాపూ తిరిగి అన్నీ మార్చింది. తప్పు తనదేనని ప్రతిచోటా నోటితో చెప్పుకుంది. కొందరు తిట్టారు, పడింది. ఆఖరిది ల్యాబు. పాత పాస్‌వర్డు చెరపాలంటే ముందు దాన్నే కొట్టమంది కంప్యూటరు. ముప్ఫై ఒక్కచోట్ల పళ్లబిగువున కొట్టిన వేళ్లు ఇక్కడ కదలలేదు.

"ఆగిపోయావేంటమ్మా? ఇలా జరుగు. నువ్వు చెప్పు, నేను కొడతా" అన్నాడు పెద్దాయన.

"తూనీగ..." అంది ఆవిడ. "ఏడు."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం వెతికి కొట్టి, "ఐపోయిందమ్మా, చెరిగిపోయింది" అంటూ తిరిగి చూశాడు. సిస్టమక్క గోడకు ఆనుకుని, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడుస్తోంది.